పెద్దలక్ష్మి చెంప

“ముఖాల దిక్కు పోకు. నువ్వు గిన్నెలు తోము,” అంది ఇందుబాయి, ఉప్పు డబ్బా అందుకోమన్నంత మామూలుగా.

కోడలు సోనాలి చేతిలో నానిన చింతపండు ముద్ద ఉంది. ఎదురుగా పెరట్లో చెంబులు, పళ్లాలు, దీపపు సెమ్మెలు, గంగాళం, ఏడాదంతా అటక మీద నిద్రపోయి పండగకు మాత్రమే లేచే ఇత్తడి సామానంతా గుట్టగా పడి ఉంది. ఆ గుట్ట మొత్తం ఆమెది. పక్కనే పాత పట్టుగుడ్డలో చుట్టి పెట్టిన రెండు ముఖాలు మాత్రం ఆమెవి కావు. అవి మహాలక్ష్ముల ముఖాలు. ఒకటి పెద్దలక్ష్మి, ఒకటి చిన్నలక్ష్మి, ఇద్దరూ అక్కచెల్లెళ్లు. నాందేడ్‌లో ఇంటింటా వినాయకుడు కూర్చున్న రోజుల్లోనే వీళ్లూ వస్తారు. మొదటి రోజు సాయంత్రం వచ్చి, రెండో రోజు పదహారు కూరలతో, పూరణం నింపి కాల్చిన పోలెలతో కడుపారా తిని, మూడో రోజు వెళ్లిపోతారు. వాళ్లకు ఒళ్లుగా రెండు రేకు డబ్బాలు పెడతారు. పెద్దలక్ష్మి డబ్బా నిండా గోధుమలు, చిన్నలక్ష్మి డబ్బా నిండా బియ్యం పోసి, చీరలు కట్టి, నగలు పెట్టి, పైన ఇత్తడి ముఖాలు నిలబెడతారు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కదా, వాళ్లను కూర్చోబెట్టి సేవ చేయాలి. ఆ మూడు రోజులూ కూర్చోనిది ఇంటి కోడలు ఒక్కతే.

నాలుగేళ్లుగా సోనాలి ఆ ముఖాలను ముట్టలేదు. ముట్టనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. పెళ్లయి వచ్చిన మొదటి పండగకు వాటిని తోమింది ఆమే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల, ఉత్సాహం ఆపుకోలేని వయసు, చింతపండు పులుసుతో, బూడిదతో రుద్ది రుద్ది ముక్కుపుడక సందుల్లో కూడా మెరుపు తెప్పించింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూసి “కోడలి చేతిల గుణం ఉన్నది ఇందుబాయీ” అని మెచ్చుకుంటే ఆ రాత్రి నవ్వుకుంటూ పడుకుంది. తెల్లారేసరికి పెద్దలక్ష్మి చెంప నల్లబడింది. దవడ నుంచి కంటి దాకా మసి పూసినట్టు. అత్తకు తోటికోడలు, అందరికంటే పెద్దది, శివవ్వ, ముద్ఖేడ్ నుంచి పండగకు వచ్చి ఉంది. ఆమె ఆ చెంపనీ, సోనాలినీ మార్చి మార్చి చూసి, పసుపు కుంకుమకు వచ్చిన ఇరవై మంది ముందు తీర్పు చెప్పేసింది. “బయటున్న పిల్ల ముట్టింది. లక్ష్మి ఊకుంటదా?”

సోనాలి ఆ రోజు నెలసరిలో లేదు. లేదని చెప్పింది. ఎవరు వింటారు? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు పడింది మాట, అంతే. వచ్చిన ఆడవాళ్లు వేళ్ల మీద ఆమె నెలసరి రోజులు లెక్కపెట్టడం ఆమె కళ్లారా చూసింది. భర్త నిలేశ్ మంచివాడే, కొట్టడు, తిట్టడు, తాగడు, ఆ మూడూ చేయకపోవడమే మంచితనమని గట్టిగా నమ్ముతాడు. అతను గదిలోకి వచ్చి “ఇడువు సోనా, ముసలోళ్లు ఏదన్న అంటరు. నీకేం తక్కువైంది?” అన్నాడు.  గిన్నెలు తోమే హక్కు ఉంది, పదహారు కూరలు తరిగే హక్కు ఉంది, పూరణం రుబ్బే హక్కు ఉంది. ఒక్క ముఖం తోమే హక్కే పోయింది. దానికి ఏడ్చావా పిచ్చిదానా అని ఎవరైనా అంటారు. కానీ ఆ ఇంటి పని మొత్తంలో చూసి ఆనందపడే పని అదొక్కటే మరి.

అయితే సోనాలి ఏడ్చి ఊరుకునే రకం కాదు. ఆ ఇంటివాళ్లు కనిపెట్టలేకపోయింది ఆ సంగతే. చెంప నల్లబడింది సరే, ఏం వచ్చి వాలింది దాని మీద? ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగి తిరిగి చివరికి ఆమెను యూనివర్సిటీలో శుభాంగి మేడం ముందు నిలబెట్టింది. ఇత్తడి మీద, రాగి జింకు కలిసిన పొరల మీద, వాయువుల అణువులు ఎలా అంటుకుంటాయి, అంటుకున్నాక ఏమవుతాయి అన్నది పీహెచ్‌డీ విషయంగా తీసుకుంది. మొదటి రోజే మేడం మరాఠీలో అన్న మాట ఆమెకు ఇప్పటికీ గుర్తు. లోహం పైపొర గోడ కాదమ్మాయ్, అది గుమ్మం, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అక్కడే తేలతారు అంది ఆవిడ.

ఆ గుమ్మం దగ్గర కూర్చుని చూడటం సోనాలికి పట్టరాని సంబరం. గాలిలో తిరిగే అణువులు లోహం మీద వాలడం అచ్చం పండగ పంక్తిలో జనం కూర్చోవడమే. కొన్ని పలకరింపుకు వచ్చినట్టు వాలి, కాస్త వేడి తగలగానే లేచి పోతాయి. కొన్ని కూర్చున్నాయంటే లేవవు. రాగి పరమాణువును గట్టిగా పట్టుకుని, తమ జతలు తెంచుకుని, ఆ రాగితో కలిసి కొత్త పదార్థమే అయి కూర్చుంటాయి. పక్కన జింకు ఉంటే రాగి పట్టు ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. ఎంత శుభ్రంగా తోమితే అంత త్వరగా వాలతాయి, ఎందుకంటే తోమిన పైపొరకు కప్పు ఉండదు. కంప్యూటర్ తెర మీద మొదటిసారి ఒక అణువు రాగి మీదకు దిగి, తన హైడ్రోజన్లను ఒక్కొక్కటే వదిలేయడం చూసినప్పుడు సోనాలి ల్యాబ్‌లో కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. పక్క టేబుల్ దగ్గరి తుషార్ బెదిరిపోయి టీ ఒలకబోసుకున్నాడు. మురుగు కాలువల్లోకి దిగే మనుషులకు విషపు గాలిని ముందే చెప్పే చిన్న పరికరం చేయాలన్నది మేడం ఆశ. దానికి కావలసిన ఇత్తడి పొర సోనాలిదే.

ఇంట్లో ఈ చదువు ఒక హాస్యం. “గ్యాస్ మీద సదువుతున్నవట బిడ్డా, మీ అత్త కడుపుల గ్యాస్‌కు మందు కనిపెట్టు ముందుగాల,” అని మామ మారోతి తెలంగాణ సరిహద్దున, నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ దగ్గరి ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. “సిలిండర్ అయిపోయింది సూడు. నీ థీసిస్ అంటువెట్టి వండుతవా?” అంటాడు నిలేశ్. సోనాలి కూడా నవ్వుతుంది, నవ్వొచ్చే మాటలే కదా. కానీ ఆ హాస్యం వెంట ఒక కప్పు చాయ్ ఎన్నడూ రాలేదని ఆమె గమనించింది. రాత్రి బోళ్లు కడిగాకే పుస్తకం తెరవాలి. పొద్దున డబ్బా కట్టాకే బస్సెక్కాలి. ఇంత చదివినా మొదటి ప్రశ్నకు జవాబు దొరకలేదు. వెనక మురుగు కాలువ ఉంది, అందులోంచి వచ్చే గంధకపు గాలి ఇత్తడిని నల్లబరుస్తుంది, నిజమే. మరి ఇద్దరూ ఒకే గదిలో ఉంటే పెద్దలక్ష్మి ఒక్కతే ఎందుకు నల్లబడింది? మేడం దగ్గర కూడా దానికి జవాబు లేదు.

ఈసారి పండగకు ముందే ఇందుబాయి చాయ్ కప్పు పక్కన ఒక మందు బిళ్లల అట్ట పెట్టింది. నెలసరిని వెనక్కి నెట్టే బిళ్లలు. నాందేడ్‌లో మహాలక్ష్ముల ముందు మెడికల్ షాపుల్లో ఇవి పుట్నాల్లా అమ్ముడుపోతాయి. ఏ కోడలూ సిగ్గుపడదు, ఏ షాపువాడూ అడగడు. ఆ మొదటి ఏడు తరువాత ప్రతి పండగకూ సోనాలి అవి మింగింది. కడుపులో తిప్పు, కాళ్లకు వాపు, పండగయ్యాక పది రోజులు మంచం. ఈసారి అట్టను తీసుకుని, “సరే అత్తమ్మా” అని, ఆవాల డబ్బా వెనక పెట్టి మరిచిపోయింది. మరిచిపోయింది అనడం అబద్ధం. రోజూ ఆవాలు తీసినప్పుడల్లా అట్ట కనిపించేది, రోజూ డబ్బాను దానికి అడ్డం జరిపేది. వస్తే వస్తుంది, నా ఒళ్లు నాది అనుకుంది. అలా అనుకున్నందుకు లోపల చిన్న భయం, దాని వెనక పెద్ద సంతోషం.

పండగ మొదటి రోజు పొద్దున్నే ఊరి నుంచి బస్సులో మామ పంపిన గోధుమల డ్రమ్ము దిగింది. మూడేళ్లుగా మామ పొలమంతా సోయాబీనే వేశాడు, పండగకు గోధుమలు దుకాణంలోనే కొన్నారు. ఈ యాసంగి మళ్లీ గోధుమ వేశాడు. “మన చేన్ల గోధుమలు లక్ష్మికి,” అని ఇందుబాయి కళ్లకద్దుకుంది. నిలేశ్ డ్రమ్ము మూతకు చుట్టిన టేపు పీకి, గోధుమలన్నీ పెద్దలక్ష్మి డబ్బాలోకి బొడబొడ కుమ్మరించాడు. చిన్నలక్ష్మికి ఎప్పటిలా దుకాణం బియ్యం. మధ్యాహ్నమంతా ఇందుబాయి ముఖాలు తోమింది. నడుము పట్టేసినా వదల్లేదు, చంటిపిల్లలకు తలంటుతున్నంత ప్రేమగా తోమింది. వంటింటి గుమ్మం నుంచి చూస్తూ సోనాలి బీరకాయలు చెక్కు తీసింది. సాయంత్రం అక్కచెల్లెళ్లు వచ్చి కూర్చున్నారు. వాన జల్లు కొడుతోందని హాలు కిటికీలు మూసేశారు. లక్ష్ములకు తోడుగా ఇందుబాయి హాలు గుమ్మం దగ్గర చాప వేసుకుంది. శివవ్వ లోపలి గదిలో మంచం ఎక్కింది.

రెండో రోజు తెల్లవారుజామున స్నానానికి వెళ్లిన సోనాలి బాత్రూంలో అలాగే నిలబడిపోయింది. వచ్చేసింది. సరిగ్గా ఇవాళే. బయట అత్త దగ్గుతోంది, పెద్దత్తమ్మ దేవుణ్ని తలుచుకుంటోంది, కుక్కర్లో శనగపప్పు నానబెట్టి ఉంది. చెబితే ఏమవుతుందో తెలుసు. మూలకు చాప, వేరే గ్లాసు, ఏడుపు ముఖాలు, పదహారు కూరలు ఎవరు చేస్తారన్న రాద్ధాంతం. చెప్పకపోతే? శనగపప్పుకు నెలసరి సంగతి తెలియదు కదా, ఎవరు పొయ్యి మీద పెట్టినా ఉడుకుతుంది. ఆమె తల తుడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని వంటింట్లోకి నడిచి పొయ్యి వెలిగించింది. చిత్రం ఏమిటంటే ఆ పొద్దు వంట చేస్తుంటే చేతులు ఎన్నడూ లేనంత తేలిగ్గా ఆడాయి. పొత్తికడుపులో నొప్పి ఉంది, మనసులో మాత్రం బడి ఎగ్గొట్టిన పిల్ల ఒకతి గెంతుతోంది.

గుమ్మడికాయ కూర దించుతుండగా ఇందుబాయి ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎల్లిగడ్డ వాసనస్తుంది. తిన్నవా?”

“ఈ మూడొద్దులు ఎల్లిగడ్డ ఇంట్లనే లేదు కదత్తమ్మా.”

“మరి యాడికెల్లి అస్తుంది? హాల్ల నిండిపోయింది. లక్ష్మి ముంగట ఎల్లిగడ్డ వాసన! తిన్నవో, దాసినవో, చెప్పు.”

“నా నోరు సూడుర్రి కావాల్నంటె.” సోనాలికి నవ్వొచ్చింది. “మీకేమైంది, గట్ల వడలిపోయిన్రు?”

“రాత్రంత తలనొప్పి. కడుపుల దేవినట్టయితుంది. ఉపాసం కదా, పైత్యం లేసింది.” ఇందుబాయి కొంగుతో తల బిగించి కట్టుకుంది.

అప్పుడే హాల్లోంచి శివవ్వ కేక వినిపించింది. “ఇందూ! ఉరికి రా! లక్ష్మి ముఖం సూడు!”

అందరూ పరుగెత్తారు. పెద్దలక్ష్మి చెంప నల్లగా ఉంది. దవడ నుంచి కంటి దాకా, నాలుగేళ్ల కిందట ఉన్నట్టే. చిన్నలక్ష్మి ముఖం పక్కనే నిగనిగలాడుతోంది. శివవ్వ మెల్లగా తల తిప్పి సోనాలిని చూసింది. ఆ చూపు పాతదే.

“ముట్టినవా?”

“లేదు పెద్దత్తమ్మా.”

“బయటున్నవా?”

 ఉన్నమాట చెప్పాలంటే ఆ క్షణాన సోనాలి చదివిన చదువంతా గోదాట్లో కలిసిపోయింది. అప్పుడు లేను, అయినా ఉన్నానన్నారు. ఇప్పుడు ఉన్నాను, నల్లబడింది. ముట్టనే లేదు, అయినా నల్లబడింది. వాళ్లు అన్నది నిజమేనా? నిజంగానే నాలో ఏదైనా ఉందా?  ఆమె ఆ చెంపను చూస్తూ ఉండిపోయింది. చూస్తూ ఉంటే, ఎప్పుడూ తెర మీద చూసే అలవాటు కాబోలు, భయం కాస్త పక్కకు జరిగి ప్రశ్న ముందుకు వచ్చింది. పెద్దదే ఎందుకు? ఇద్దరినీ తోమింది ఒకే చెయ్యి, అత్త చెయ్యి. గది ఒకటే. మురుగు గాలైతే ఇద్దరికీ తగలాలి. తేడా ఎక్కడ ఉంది? అక్క కింద గోధుమలు, చెల్లెలి కింద బియ్యం. ఆమె చూపు కిందికి దిగింది. పెద్దలక్ష్మి పాదాల దగ్గర రాత్రి పెట్టిన బెల్లం ముక్క చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. వెల్లుల్లి వాసన ఇప్పుడు తన ముక్కుకూ తగిలింది. పుస్తకంలో చదివిన వాసన, ల్యాబ్‌లో తాళం వేసిన సిలిండర్ దాటి ఎన్నడూ రాని వాసన. థీసిస్‌లో మూడో అధ్యాయం దాని గురించే. ఫాస్ఫీన్ అనే విషపు గాలి.

ఇంతలో శివవ్వ పని పురమాయిస్తోంది. “నిలేశా, గోదారి నీళ్ల చెంబు తే. ముఖం మీద సల్లు, డబ్బాల గోధుమల మీద గూడ మంచిగ సల్లు. మైల పోవాలె.”

నిలేశ్ చెంబు ఎత్తాడు. సోనాలి ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. “నీళ్లు పొయ్యకు! గోధుమల గోలీలున్నయి!”

గోలీలు. ఆ సరిహద్దు పల్లెల్లో ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ధాన్యానికి పురుగు పట్టకుండా డబ్బాలో పెట్టే బిళ్లలు అవి, తేమ తగిలితే విషపు గాలి వదులుతాయి. ఎన్ని ఇళ్లలో ఆ గోలీల పేరు మీద ఏడుపులు విన్నారో వాళ్లకే తెలుసు. నిలేశ్ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

“అందరు బయటికి నడువుర్రి,” అంది సోనాలి. “దీన్ని గూడ బయటవెట్టాలె, ఇప్పుడే.”

“లక్ష్మిని కదపొద్దు!” శివవ్వ కర్ర నేలకు కొట్టింది. “కూసున్న లక్ష్మిని రేపటి దాక కదిపినోళ్లు బతికి బట్ట కట్టలే.”

ఇందుబాయి అడకత్తెరలో పోకచెక్క అయింది. చచ్చిన చీమలను చూసింది. కొంగు కట్టిన తన తల పట్టుకుంది. రాత్రంతా ఆ గుమ్మం దగ్గరే పడుకున్నది తను. “అక్కా,” అంది చివరికి, “లక్ష్మి మనింటికచ్చింది మనల్ని సంపనీకి కాదు. నిలేశా, గుడ్లప్పగించి సూస్తున్నవేంది? చెంబు కింద వెట్టి కిటికీలు తెరువు! పట్టు దాన్ని!”

సోనాలి పెద్దలక్ష్మి ముఖాన్ని రెండు చేతులతో పైకెత్తింది. నాలుగేళ్ల తరువాత ఆ లోహం చల్లగా, బరువుగా, చేతుల్లో సరిగ్గా ఇమిడింది. భయం వేస్తుందనుకుంది, వేయలేదు. పెరట్లోకి తీసుకెళ్లి బట్టలుతికే బండ మీద పడుకోబెట్టింది. కిటికీలు, తలుపులు బార్లా తెరిచి, గాలి ఆడాక, ముక్కులకు గుడ్డలు కట్టుకుని భార్యాభర్తలిద్దరూ గోధుమల డబ్బాను చీరతో సహా ఎత్తి పెరటి చివరకు మోశారు. ఊపిరి బిగబట్టి మోస్తుంటే నిలేశ్ ముఖం టమాటాలా అయింది. పొడవాటి గరిటెతో గోధుమలు పక్కకు తోస్తే, అడుగున చిన్న గుడ్డ మూట బయటపడింది. లోపల సగం కరిగి బూడిదైన రెండు బిళ్లలు. దాన్ని ఎవరూ తొక్కని చోట లోతుగా పాతేశారు. సందు మొదట్లోని డాక్టరు వచ్చి ఇందుబాయిని చూసి, ఇంకొంచెంసేపు తలుపులు మూసి ఉంటే మనం ఇలా మాట్లాడుకునే వాళ్లం కాదమ్మా అని, ఆమెను గాలికి కూర్చోబెట్టమని చెప్పి వెళ్లాడు.

నిలేశ్ ఊరికి ఫోన్ కలిపి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

“గోలీలా?” అన్నాడు మారోతి. “ఆ, రెండు గుడ్డల కట్టి పెట్టిన. పురుగు వడ్డది కదరా. తీసి పొయ్యమని చెప్పుడు మరిసిన. ఏమైంది?”

ఏమైందో నిలేశ్ చెప్పాడు. అవతల నుంచి ఎద్దు మెడ గంట చప్పుడు వచ్చింది. సోనాలి ఫోన్ దగ్గరకు వంగింది.

“మామా, మా పెండ్లయిన ఏడు పంపిన గోధుమలల్ల?”

తేలు కుట్టిన దొంగకు గొంతు ఉంటే అలాగే ఉంటుంది. “అప్పుడు గూడ పెట్టిన బిడ్డా. అప్పుడేమన్న అయిందా?”

 శివవ్వ తన కర్రను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంది. సోనాలికి మాత్రం పెరట్లో ఎగరాలనిపించింది. నింద పోయినందుకు కాదు, అది తరువాతి సంగతి. జవాబు దొరికింది! పెద్దది ఒక్కతే ఎందుకు? ఎందుకంటే గోధుమలు. గాలి డబ్బాలోంచి పైకి లేచి నేరుగా వాలింది కప్పు లేని రాగి మీద, అత్త అంత బాగా తోమింది కనుక ఇంకా త్వరగా వాలింది. ఆ ఏడు కిటికీలు తెరిచే ఉన్నాయి, అందుకే మనుషుల మీద వాలలేదు. “గిదే! గిదే మూడో అధ్యాయం!” అని గట్టిగా అనేసింది. నిలేశ్ ఆమెను తేరిపార చూశాడు.

“అంటె నీ గ్యాస్ గొడవ గిదేనా?” అన్నాడు. హాస్యం లేదు ఆ గొంతులో.

“గిదే.”

“మరి నాకెన్నడు చెప్పలే.”

“నువ్వెన్నడు అడగలే.”

అతను తల గోక్కుని, దుకాణం గోధుమలు తేవడానికి సంచీ పట్టుకుని బయటికి నడిచాడు. డబ్బా కడిగి ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి పంక్తి కూర్చోవాలి, వాడకట్టంతా వస్తుంది, లక్ష్మి ముఖం మాత్రం ఇంకా నల్లగా బండ మీద ఉంది. ఇందుబాయి లేచి, మెల్లగా నడిచి వెళ్లి, ఆ ముఖం తెచ్చి సోనాలి ఒళ్లో పెట్టింది. పక్కన చింతపండు గిన్నె పెట్టింది.

“నువ్వే తోము బిడ్డా,” అంది.  “అప్పుడు నువ్వు లేనన్నవు. నేను ఇనలే.”

సోనాలి బొటనవేలితో మొదలుపెట్టింది. పులుపు తగలగానే నలుపు కొంచెం కొంచెంగా కదిలింది. కింద కొత్త రాగి, కొత్త జింకు ఊపిరి పీల్చుకుంటున్నాయి. దవడ తేలింది, చెంప తేలింది, ముక్కుపుడక తళుక్కుమంది. నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఎత్తి పట్టుకుంటే అందులో పెరడు కనిపించింది, ఆకాశం కనిపించింది, పక్కపక్కన వంకరగా అత్తాకోడళ్ల ముఖాలు రెండూ కనిపించాయి. కళ్లు మసకబారాయి. సంతోషంతోనే. ఇక్కడితో ఆగిపోవచ్చు. నింద పోయింది, ముఖం చేతికి వచ్చింది, అందరూ మంచివాళ్లయ్యారు. కానీ ఆవాల డబ్బా వెనక అట్ట ఉంది. వచ్చే ఏడు మళ్లీ చాయ్ పక్కన ఇంకో అట్ట వస్తుంది. అప్పుడు తను బయట లేదు కనుకనే తప్పు లేదు అని వీళ్లు అనుకుంటున్నారు. ఉంటే?

“అత్తమ్మా, నేను పొద్దున్నే బయటైన,” అంది సోనాలి.

ఇందుబాయి తల తిప్పి చూసింది.

“మీరిచ్చిన గోలీలేసుకోలే. ఇగ ఎన్నడు ఏసుకోను. పదహారు కూరలు గీ చేతులతోనే చేసిన. లక్ష్మిని గీ చేతులతోనే మోసిన. ఇగో, తోమింది గూడ ఇవే.”

శివవ్వ నోరు తెరిచింది. “ఓయమ్మో! ఇందూ, విన్నవా! మైల చేతులతోని... మరి నైవేద్యం?”

ఇందుబాయి కోడలి చేతుల్లోంచి ముఖాన్ని తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. దవడ చూసింది, చెంప చూసింది, చెవుల వెనక కూడా చూసింది. తరువాత దాన్ని తీసుకెళ్లి శివవ్వ ముందు పెట్టింది.

“సూడక్కా. యాడన్న నల్లబడ్డదా?”

శివవ్వ చూసింది. వంగి చూసింది. ఇత్తడిలోంచి ఆమె ముసలి ముఖమే ఆమెను తిరిగి చూసింది.

“నాకు కండ్లు ఆనయి,” అని గొణిగి, కర్ర పట్టుకుని పంక్తిలో తన పీట వెతుక్కుంటూ పోయింది. పొద్దటి నుంచి ఉపవాసం పాపం, ఆకలి ఎవరికైనా ఆకలే.

గేటు దగ్గర “ఇందుబాయి వైనీ!” అని మరాఠీలో వదినను పిలుస్తున్న మొదటి గుంపు గొంతు వినిపించింది. సోనాలి లేవబోయింది. పోలెలు ఇంకా కాల్చలేదు, పూరణం ముద్దలు చేసి మాత్రం పెట్టింది. ఇందుబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టింది.

“కడుపు నొస్తుందా?”

నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు. సోనాలి తల ఊపింది.

“మరి పొద్దటి సంది నిలబడే ఉంటివి కదనే! లే, హాల్ల లక్ష్ముల పక్కపొంటి కుర్చేసుకొని కూసో.” ఇందుబాయి వీధి గుమ్మం వైపు తిరిగింది. నిలేశ్ గోధుమల సంచీ భుజాన వేసుకుని అప్పుడే లోపలికి వస్తున్నాడు. “నిలేశా! సంచి ఆడ దించి చేతులు కడుక్కో. పోలెలు నువ్వు కాల్చు.”

“నేనా?”

“లేకపోతె లక్ష్మి కాలుస్తదా?”

కొత్త గోధుమల మీద పెద్దలక్ష్మి మళ్లీ కూర్చుంది. చెల్లెలి పక్కన తళతళలాడుతూ. వాళ్ల పక్కన కుర్చీలో సోనాలి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. వచ్చిన ఆడవాళ్లు లక్ష్ములకు పెట్టి, ఆమెకూ బొట్టు పెట్టారు, ఎందుకు కూర్చుందో ఇందుబాయి వాళ్లకు గొంతు తగ్గించకుండానే చెప్పింది. కొందరు ముఖాలు చిట్లించారు. ఒక చిన్న కోడలు మాత్రం వంగి, చెవిలో, “నేను గూడ ఇయ్యాల్నే” అని చెప్పి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. సోనాలి పక్కకు జరిగి కుర్చీలో ఆమెకు చోటిచ్చింది.

వంటింట్లోంచి నిలేశ్ చెమటలు కక్కుతూ పళ్లెం పట్టుకొచ్చాడు. మొదటి పోలె ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా, చెవుల పిల్లి ఆకారంలో ఉంది.

“ఇది లక్ష్మికి పెట్టుడెట్ల?” అన్నాడు దిగులుగా.

“లక్ష్మికి మంచిది కాల్చు,” అంది సోనాలి చెయ్యి చాపి. “గిది నాకియ్యి.”